జారుడు తల – ముక్కాలిని బాగు చేసిన పాఠము



మన స్టోర్ రూములో ఒక ట్రైపాడ్, అంటే ముక్కాలి స్టాండు, ఉన్న సంగతి మీకు తెలుసు. పక్షులను చూసే అలవాటున్న ఒక పెద్దమనిషి మన రఘునాథపల్లి దిక్కు చెరువులు చూడడానికి వచ్చి, పోయేటప్పుడు తన పాత బైనాక్యులర్‌ను, ఆ ముక్కాలిని మనకు ఇచ్చిపోయినారు. ముక్కాలి వచ్చిన డబ్బా మీద ‘హంటింగ్ ట్రైపాడ్’ అని రాసి ఉంది. హంటింగ్ అంటే వేట. వార్డెన్ సార్ ఆ మాట చదివి, ‘పిల్లల హాస్టల్లో వేట సామాను ఏంది?’ అని మొదటి రోజే తాళం వేయించినారు. సైన్సు సార్ నచ్చచెప్పినాక బయటికి వచ్చింది. నెల తిరగక ముందే తల పాడై మళ్లీ స్టోర్ రూముకే పోయింది. ‘పాత ఇనుప సామానోళ్లకు ఇచ్చేయండి’ అన్నరు.

ఇప్పుడది పని చేస్తున్నది. ఎట్ల బాగు చేసినమో రాస్తే, ఫ్యాను, కుర్చీ, సైకిలు, ఏది జారినా మీకు పనికొస్తుందని ఈ పాఠము రాస్తున్నాను.

1. మూడు కాళ్లే ఎందుకు?

మన ఇండ్లల్ల పొయ్యికి ఎన్ని రాళ్లు పెడుతరు? మూడే. ఎగుడుదిగుడు నేల మీద కూడా మూడు రాళ్ల మీద పెట్టిన కుండ ఊగదు. నాలుగు కాళ్ల మంచానికి మాత్రం ఒక కాలు కింద చెక్కముక్క పెట్టవలసి వస్తుంది. కారణము: మూడు బిందువులు ఎక్కడ ఉన్నా వాటి మీదుగా ఒక సమతలము తప్పకుండా పోతుంది. నాలుగో బిందువు ఆ తలములోనే ఉండాలని ఏమీ లేదు. అందుకే ముక్కాలి పీట ఊగదు, ముక్కాలి స్టాండు కూడా ఊగదు.

బైనాక్యులర్‌కు స్టాండు ఎందుకు అనేది రెండో ప్రశ్న. మన దాని మీద 10×50 అని ఉంది. 10 అంటే వస్తువు పది రెట్లు పెద్దగా కనిపిస్తుంది. 50 అంటే ముందరి అద్దము వ్యాసము 50 మిల్లీమీటర్లు. కానీ వస్తువుతో పాటు మన చేతి వణుకు కూడా పది రెట్లు అవుతుంది. చేతితో పట్టుకొని చుక్కను చూస్తే అది మిణుగురు పురుగు లెక్క గీతలు గీస్తుంది.

మా తాత పంట కాపలాకు మంచె ఎక్కి కూర్చునేవాడు. దూరంగా కదిలింది పందా, కుక్కా అని తేల్చుకోవాలంటే మంచె గుంజకు భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి చూసేవాడు. ‘చూసేది కన్నే గని, నిలబెట్టేది గుంజరా’ అనేవాడు. ట్రైపాడ్ అంటే ఆ గుంజే అని నాకు అర్థమైంది.

2. తలలో ఏమేమి ఉంటాయి?

మూడు కాళ్ల పైన ఉండే భాగాన్ని తల అంటారు. తలలు చాలా రకాలు. గుండ్రని గోళము మీద అన్ని దిక్కులా తిరిగేది బాల్ హెడ్. పిడి పట్టుకొని పక్కకు ఒకసారి, పైకి కిందికి ఒకసారి విడివిడిగా తిప్పేది పాన్ హెడ్. మనది పాన్ హెడ్. దానిలో ముఖ్యముగా నాలుగు ఉన్నాయి.

(అ) అడుగు చక్రము: దీని మీద తల కుడికి ఎడమకు తిరుగుతుంది.

(ఆ) వంపు కీలు: దీని మీద తల పైకి కిందికి వంగుతుంది. ఒక ఇరుసు, దాని చుట్టూ చీలిక ఉన్న ఒక కడెము. మర బిగిస్తే చీలిక దగ్గరై కడెము ఇరుసును నొక్కుతుంది. ఆ నొక్కుడు వలన పుట్టే ఘర్షణే తలను ఆపుతుంది.

(ఇ) బిగింపు మర: కడెమును నొక్కే బోల్టు, దానికి ప్లాస్టిక్ గుండీ.

(ఈ) పై పలక: బైనాక్యులర్ కూర్చునే చోటు. మధ్యలో పైకి లేచిన చిన్న మర, చుట్టూ రబ్బరు.

3. రోగము ఏమిటి?

తల పాడైనప్పుడు అందరూ చెప్పింది ఒకటే: ‘వంపు కీలు జారుతున్నది.’ కానీ జాగ్రత్తగా గమనిస్తే ఒక వింత కనిపించింది. చలికాలం పొద్దున ఐదు గంటలకు తల జారదు, పైగా బిగుసుకపోయి కదలనే కదలదు. మధ్యాహ్నం ఎండలో పెడితే జర్రున జారుతుంది. ఇనుము అదే, మర అదే. పొద్దున ఒక తీరు, పగలు ఒక తీరు ఎందుకు?

జవాబు మన పెట్టెలలోనే ఉంది. చలికాలం కొబ్బరినూనె సీసాను చూడండి. పొద్దున గడ్డ కడుతుంది, ఎండలో పెడితే కరుగుతుంది. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర గడ్డ కడుతుంది. తల విప్పి చూస్తే ఇరుసు నిండా కొబ్బరినూనె, దానికి అంటుకున్న దుమ్ము!

ఎట్ల వచ్చింది? మొదట్లో తల తిప్పితే కిర్రుమనేది. మా గది మిత్రుడు మంచి మనసుతోనే నాలుగు చుక్కలు నూనె వేసినాడు. తలుపు బందుకు నూనె వేస్తే మంచిదే, ఎందుకంటే తలుపు తిరగాలి. కానీ వంపు కీలు పని తిరగడం ఒక్కటే కాదు, ఆగడం కూడా. ఆపేది ఘర్షణ. ఎనిమిదో తరగతిలో చదువుకున్నాము: నూనె ఘర్షణను తగ్గిస్తుంది. నూనె వేసిన బ్రేకు ఎట్లనో, ఇదీ అట్లనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలె. నూనె వేసింది మా మిత్రుడే, కానీ తలను విరగ్గొట్టింది వాడు కాదు. జారుతున్నదని గుండీని కటింగ్ ప్లయర్‌తో పట్టి గట్టిగా తిప్పింది నేను. లోపల ‘టిక్’ మన్నది. గుండీ ఊరికే తిరగడం మొదలుపెట్టింది. నేను దాన్ని డబ్బాలో పెట్టి ఊకున్నాను. మరునాడు సార్ అడిగితే, నూనె వేసినట్టు ఒప్పుకున్నవాడు వాడొక్కడే. అందుకని పాడు చేసింది కూడా వాడే అనుకున్నరు. రెండు నెలలు వాడు బైనాక్యులర్‌ను ముట్టవద్దని అన్నరు. ఆ రెండు నెలలు నేను వాడి పక్క మంచం మీదనే పడుకున్నాను.

‘టిక్’ అని ఎందుకు విరిగిందో లెక్క వేసినాను. గుండీ అంచు మధ్య నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఒక్క చుట్టు తిప్పితే వేలు సుమారు 94 మిల్లీమీటర్లు తిరుగుతుంది, బోల్టు 1 మిల్లీమీటరే ముందుకు పోతుంది. అంటే ఘర్షణను లెక్కలోకి తీసుకోకపోతే మన బలము 94 రెట్లు అవుతుంది. 15 సెంటీమీటర్ల ప్లయర్ పెడితే? దూరము పది రెట్లు, బలము 940 రెట్లు. నిజముగా చాలా భాగము మరలోని ఘర్షణకే పోతుంది, అయినా మిగిలింది చాలు, చిన్న నట్టు మరలు తెగడానికి. జారుడుకు కారణము నూనె. నేను చేసింది బలము. రోగము ఒకటి, మందు ఇంకొకటి.

4. బాగు చేసిన విధానము

కావలసిన వస్తువులు: పాత పళ్ల బ్రష్షు, స్పిరిట్, పాత బనీను గుడ్డ, పానాలు, కొంచెం గ్రీజు, పాత సైకిల్ ట్యూబు ముక్క, పంక్చర్ సొల్యూషన్, గరుకు కాగితము, కొత్త బోల్టు, నట్టు, వాచర్లు.

మొదటి మెట్టు – విప్పడం. పాత న్యూస్ పేపరు పరిచి, విప్పిన ప్రతి ముక్కను విప్పిన వరుసలోనే పెట్టి, పక్కన 1, 2, 3 అని రాసినాము. బిగించేటప్పుడు వెనుక నుంచి ముందుకు రావాలి. ఈ పని చేయకుంటే చివరికి ఒక వాచర్ చేతిలో మిగులుతుంది!

రెండో మెట్టు – కడగడం. ఇరుసును, కడెము లోపలి వైపును స్పిరిట్ ముంచిన బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచినాము. గుడ్డకు నలుపు అంటనంత వరకు తుడవాలి. ఒకసారికి కాలేదు, నాలుగుసార్లు పట్టింది. స్పిరిట్‌కు నిప్పు త్వరగా అంటుకుంటుంది. కాబట్టి ఆరుబయట, పొయ్యికి దూరంగా, పెద్దవాళ్లు ఉన్నప్పుడే చేయాలి.

మూడో మెట్టు – గ్రీజు ఎక్కడ, ఎక్కడ కాదు. అడుగు చక్రము మెల్లగా సాఫీగా తిరగాలి. దానికి గోరంత గ్రీజు రాసినాము. వంపు కీలుకు ఏమీ రాయలేదు. (కొన్ని ఖరీదైన తలలకు కీలులోనే చిక్కటి గ్రీజు పెట్టి తయారు చేస్తారు, తల తేనెలో కదిలినట్టు కదులుతుంది. అటువంటివి మనము విప్పరాదు.) బాల్ హెడ్ దొరికితే దాని గోళానికి కూడా నూనె పెట్టవద్దు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

నాలుగో మెట్టు – కొత్త బోల్టు. తెగిన బోల్టును జేబులో వేసుకొని జనగామకు పోయినాను. షాపాయన రెండు బోల్టులు చూపించిండు, ఒకటి 6 ఎం.ఎం., ఇంకొకటి పావు ఇంచు. కంటికి రెండూ ఒక్కటే. 6 ఎం.ఎం. అంటే 6 మిల్లీమీటర్లు, పావు ఇంచు అంటే 6.35 మిల్లీమీటర్లు. చిన్నది పెద్ద రంధ్రములో దూరుతుంది, పట్టినట్టే ఉంటుంది, బరువు పడినాక మరలను కొరుకుతుంది. తేడా కనిపెట్టడానికి నోట్‌బుక్ కాగితము మీద బోల్టును పెట్టి గట్టిగా ఒత్తినాను. మరల అచ్చు పడింది. పెన్సిల్‌తో మెల్లగా రుద్ది, స్కేలు పెట్టి 1 సెంటీమీటరులో గీతలు లెక్కపెట్టినాను. 6 ఎం.ఎం. బోల్టుకు 10 గీతలు, పావు ఇంచు దానికి దాదాపు 8. మన పాత బోల్టుకు 10 వచ్చినాయి. కనుక 6 ఎం.ఎం. తీసుకున్నాను.

గుర్తుంచుకోండి: పై పలక మీద బైనాక్యులర్‌ను, కెమెరాను పట్టే మర మాత్రం పావు ఇంచుదే, ఒక ఇంచుకు 20 మరలు. ప్రపంచంలో ఎక్కడి కెమెరాకైనా ఎక్కువగా ఇదే కొలత ఉంటుంది. పెద్ద వాటికి 3/8 ఇంచు. ఒకే తలలో రెండు కొలతలు ఉన్నాయి, ఒకదానిది ఇంకొకదానికి పెట్టరాదు.

పాత నట్టు కడెములో ఆరు మూలల గుంటలో కూర్చునేది. కొత్త బోల్టు తలను ఆ గుంటలో పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది, ఎందుకంటే 6 ఎం.ఎం. నట్టుకు, బోల్టు తలకు రెండింటికీ 10 నంబరు పానే పడుతుంది. కాబట్టి బోల్టును అటు నుంచి ఇటు తోసి, చేతి వైపు ఒక వాచర్ వేసి, రెండు చెవులున్న నట్టు పెట్టినాము. షాపులో దాన్ని వింగ్ నట్టు అంటరు. దీనిలో ఒక లాభము ఉంది. రెండు వేళ్లతోనే హాయిగా తిప్పవచ్చు, ప్లయర్ వెతుక్కోవలసిన పని లేదు. నా అసువంటి వాళ్లకు ఇదే మంచి నట్టు.

5. మెరుగులు

బాగైంది కదా అని ఆగలేదు. ఇంకా మూడు పనులు చేసినాము.

మొదటిది, పై పలక రబ్బరు. పాతది ఎండి గాజు లెక్క నునుపైంది. పలకను గరుకు కాగితముతో రుద్ది, సైకిల్ ట్యూబు ముక్కను పంక్చర్ సొల్యూషన్‌తో అంటించినాము. సొల్యూషన్ రెండు వైపులా రాసి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు ఒత్తాలి.

రెండోది, బైనాక్యులర్ కూర్చునే చెక్క. మన దగ్గర దానికి తగిన ఇనుప బిగింపు లేదు. కాబట్టి చిన్న చెక్కకు పైన గాడి తీసి, కింద పావు ఇంచు మరకు నట్టు దింపి, బైనాక్యులర్‌ను గాడిలో పెట్టి ట్యూబు పట్టీతో కట్టినాము. మొదటి చెక్కను ఎత్తుగా చేసినాను, అది తప్పు. పగలు చెట్టు దిక్కు చూస్తే తల ఆగింది, రాత్రి ఆకాశం దిక్కు ఎత్తితే వెనక్కి పడ్డది. ఎందుకు? బరువు కీలుకు సరిగ్గా పైన ఉంటే లాగదు. తల వంగితే ఆ బరువు పక్కకు పోతుంది, ఎంత ఎత్తులో ఉంటే అంత దూరం పోతుంది. భ్రామకము అంటే బలము × దూరము. నెత్తి మీద నీళ్ల బిందె పెట్టుకొని నిటారుగా నడుస్తే ఏమీ కాదు, కొంచెం వంగితే మెడ పట్టుకుంటుంది కదా! చెక్కను కోసి పొట్టిగా చేసినాము. బైనాక్యులర్‌ను ముందుకు వెనక్కు జరిపి, వేలు మీద ఆగే చోటు గుర్తించి, ఆ చోటును కీలుకు పైన పెట్టినాము. ఇప్పుడు నట్టును సగమే బిగించినా తల నిలుస్తుంది.

మూడోది, బరువు. ముక్కాలి మధ్యన ఉన్న కొక్కానికి రాళ్ల సంచి కట్టినాము. సంచి గాలిలో ఊగితే ముక్కాలిని కూడా ఊపుతుంది, కనుక నేలకు కొంచెం ఆనేటట్టు కట్టాలి. మధ్య గొట్టమును పైకి లాగవద్దు. నిలబడి చూసేందుకు కాళ్లు పొడుగు చేసే బదులు, కింద కూర్చొని పొట్టి కాళ్లతో చూస్తే బొమ్మ కదలదు.

6. పరీక్ష

బాగైందని నోటితో చెప్తే సైన్సు కాదు. అందుకని రెండు పరీక్షలు పెట్టినాము.

జారుడు పరీక్ష: గ్రౌండు అవతలి వేపచెట్టు పంగను బైనాక్యులర్ నడుమకు తెచ్చి వదిలేసినాము. కడగక ముందు, ఎండ పూట, నేను లెక్కపెడుతుండగానే పంగ పైకి జరిగి కనబడకుండా పోయింది. కడిగి, కొత్త బోల్టు వేసినాక పావుగంట చూసినాము, పంగ అక్కడనే ఉంది. పొద్దున చలిలో, మధ్యాహ్నం ఎండలో, రెండు పూటలా చూసినాము.

వణుకు పరీక్ష: ఒక కాలును వేలితో మెల్లగా కొట్టి, బొమ్మ ఆగేదాకా ఒకటి రెండు అని లెక్కపెట్టాలి. కాళ్లు పూర్తిగా లాగి, సంచి లేకుండా ఐదు. కాళ్లు పొట్టిగా పెట్టి, సంచి కట్టినాక రెండు.

అన్నిటికంటే పెద్ద పరీక్ష రాత్రి జరిగింది. గురు గ్రహము దిక్కు తిప్పి వదిలేసినాము. చేతితో పట్టుకుంటే ఒక్క వెలుగు చుక్కే. ముక్కాలి మీద పెడితే ఆ చుక్క పక్కన, ఒకే గీత మీద, సన్నని మూడు చుక్కలు. అవి గురుని చందమామలు. పెద్దవి నాలుగు ఉన్నాయి, అప్పుడు ఒకటి దాగి ఉండవచ్చు. 1610 జనవరిలో గెలీలియో చూసింది వీటినే. పిల్లలకోడి అని మన ఊర్లల్ల పిలిచే కృత్తికలు కంటికి ఆరేడు, బైనాక్యులర్‌లో లెక్కకు అందవు.

7. వేట అనే మాట గురించి

వార్డెన్ సార్ అనుమానము సరైనదే. వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చింది. వన్యప్రాణులను వేటాడడం నేరము. కొన్ని దేశాలలో వేటగాళ్లు ఇటువంటి తల మీద తుపాకిని, బైనాక్యులర్‌ను పెడతారు కాబట్టి డబ్బా మీద ఆ పేరు ఉంది. కానీ కదలకుండా నిలబెట్టడమే తల పని, దేన్ని నిలబెట్టాలన్నది మన ఇష్టము.

కలివికోడి కథ వినండి. ఈ పక్షి 1848లో శాస్త్రవేత్తల లెక్కలోకి వచ్చింది. 1900 తర్వాత కనబడక, ఇక లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరపున భరత్ భూషణ్ దానికోసం వెతుకుతున్నప్పుడు, రాత్రిపూట టార్చిలైటుతో దాన్ని కనిపెట్టి పట్టింది స్థానిక వేటగాడు. ఆ అడవిలో తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడింది. అడవిలో కదలకుండా ఉండడం, చీకట్లో చూడడం, చప్పుడును బట్టి ప్రాణిని గుర్తుపట్టడం మన తాతలకు వచ్చిన విద్యలు. ఆ విద్యలు వేటతోనే పోవలసిన పని లేదు.

8. జాగ్రత్తలు

బైనాక్యులర్‌ను సూర్యుని దిక్కు ఎన్నడూ తిప్పరాదు, కన్ను పోతుంది. పక్షి గూడు దగ్గరికి ముక్కాలిని తీసుకపోరాదు. తల తిప్పే ముందు నట్టు వదులు చేయాలి, తిప్పినాక బిగించాలి. రెండు వేళ్లతో బిగిసినంతే చాలు. అప్పటికీ జారితే బలము పెంచకండి, విప్పి చూడండి.

చివరి మాట: ఈ వ్యాసము రాయడానికి ముందు వార్డెన్ సార్ దగ్గరికి పోయి, ప్లయర్ సంగతి చెప్పినాను. సార్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత స్టోర్ రిజిస్టరు తెచ్చి, మా మిత్రుని పేరు కొట్టేసి, నా పేరు నన్నే రాయమన్నరు. రాసినాను. గురు గ్రహాన్ని ఆ రాత్రి మొదట చూసింది మా మిత్రుడే. ఇరుసును నాలుగోసారి తుడిచింది కూడా వాడే.

ఆలోచించి జవాబు చెప్పండి:

1. సైకిల్ బ్రేకు కట్టెకు నూనె అంటితే ఏమవుతుంది? చైనుకు అంటితే ఏమవుతుంది? రెండింటికీ తేడా ఎందుకు?

2. మీ పెట్టె తాళం బందుకు వేసిన బోల్టు 6 ఎం.ఎం.దా, పావు ఇంచుదా? కాగితము మీద అచ్చు తీసి చూపండి.

3. ఒక కిలో బరువు కీలుకు 6 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పటి భ్రామకము, 1 సెంటీమీటరు దూరంలో ఉన్నప్పటి దానికి ఎన్ని రెట్లు?

జవాబులు చీటీ మీద రాసి ఈ గోడ పత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. సరిగ్గా చెప్పిన వారికి శనివారం రాత్రి మొదటి వంతు.

– మీ తొమ్మిదో తరగతి మిత్రుడు